అమ్మ ఓటు, సెనేట్‌లో ఆగిపోయిన బిల్లు

సంపాదకులకు నమస్కారం.

"అమెరికా ఎన్నికల గొడవ మనకెందుకు, వీసా సంగతి చూసుకుంటే చాలు" అనే మాట ఇక్కడి తెలుగు ఇళ్లలో తరచూ వింటుంటాను. వీసా మీద ఉన్నవాళ్లు అంటే అర్థం చేసుకోగలను. పౌరసత్వం తీసుకుని పదేళ్లు దాటినవాళ్లు కూడా అదే మాట అంటుంటే ఊరుకోలేక, ఓటు హక్కుల బిల్లుల గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మేముండేది టెక్సస్‌లో, డాలస్‌కి ఉత్తరాన. మా అమ్మకి 74 ఏళ్లు. నా పిల్లల్ని చూసుకోవడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయింది. వయసు 55 దాటి, గ్రీన్‌కార్డు మీద 15 ఏళ్లు ఉన్నవాళ్లు పౌరసత్వం ఇంటర్వ్యూ సొంత భాషలో ఇవ్వొచ్చు. అమ్మ తెలుగులోనే జవాబులు చెప్పి పౌరురాలైంది. తీరా ఓటుకి వెళ్తే బ్యాలెట్ ఇంగ్లిషులో, స్పానిష్‌లో ఉంటుంది. "మన ఊళ్లో అయితే గుర్తు చూసి నొక్కి వచ్చేదాన్ని" అంటుంది. ఇక్కడ అధ్యక్షుడి దగ్గర్నుంచి జడ్జిలు, షెరీఫ్ దాకా అందరూ ఒకే బ్యాలెట్‌లో ఉంటారు. ఒక్క నొక్కుతో పార్టీ మొత్తానికి ఓటేసే పద్ధతిని టెక్సస్ 2020లో తీసేసింది. ఒక్కో పేరూ చూసుకుంటూ పోవాల్సిందే. పోలింగ్ గదిలో ఫోన్ తియ్యనివ్వరు. అందుకని అమ్మ ముందు రోజు రాత్రి కూర్చుని, పాత క్యాలెండర్ కాగితం వెనక పేర్లన్నీ తెలుగులో రాసుకుంది. మాటతో గానీ సైగతో గానీ ఎవరికి వెయ్యాలో సూచించనని నేను అధికారి ముందు ప్రమాణం చేశాను. నేను ఒక్కో వరుస చదువుతుంటే అమ్మ కాగితం మీద వేలు పెట్టి ఆ పేరు వెతుక్కుని, అప్పుడు స్క్రీన్ నొక్కింది. 25 నిమిషాలు పట్టింది. ఎవరూ విసుక్కోలేదు.

ఆ రోజు నేను అమ్మ పక్కన నిలబడగలిగానంటే దానికి ఇంకో తల్లికి రుణపడి ఉన్నాను. 2014లో ఆస్టిన్ దగ్గరి విలియమ్సన్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లాలాంటిది), ఇంగ్లిషు అంతగా రాని ఒక బెంగాలీ ఆవిడ కొడుకుని వెంటబెట్టుకుని ఓటుకెళ్లింది. కొడుకు ఓటు పక్క కౌంటీలో ఉంది కాబట్టి అతను బ్యాలెట్ అనువదించి చెప్పడానికి వీల్లేదన్నారు. నచ్చిన మనిషి సాయం తీసుకునే హక్కు ఓటింగ్ హక్కుల చట్టంలో 1982 నుంచీ ఉంది. కేసు వేశారు. 2017లో ఫెడరల్ (కేంద్ర) అప్పీళ్ల కోర్టు టెక్సస్ నిబంధన ఆ హక్కుకి విరుద్ధమని చెప్పింది. తీర్పు వచ్చేసరికి ఆవిడ బతికి లేదు.

ఓటుకి అన్యాయం జరిగాక కోర్టుకెళ్తే ఇంతే. గెలిచినా, పోయిన ఎన్నిక తిరిగి రాదు. అందుకే 1965లో ఆ చట్టం చేసినవాళ్లు ముందే అడ్డుకట్ట వేశారు. ఆ ఏడాది మార్చి 7న అలబామా రాష్ట్రంలోని సెల్మా వంతెన మీద ఓటు హక్కు కోసం నడిచిన నల్లజాతివాళ్లని పోలీసులు లాఠీలతో బాదారు. వాళ్ల ముందు నడిచిన పాతికేళ్ల జాన్ లూయిస్‌కి పుర్రె చిట్లింది. ఆగస్టు 6న అధ్యక్షుడు జాన్సన్ చట్టం మీద సంతకం పెట్టారు. ఓటు విషయంలో చెడ్డ చరిత్ర ఉన్న రాష్ట్రాలు ఎన్నికల నిబంధన ఏది మార్చాలన్నా ముందుగా కేంద్రం అనుమతి తీసుకోవాలి అన్నది అందులో ఆయువుపట్టు. టెక్సస్ కూడా ఆ జాబితాలో ఉండేది. 2006లో ఈ చట్టాన్ని పొడిగించినప్పుడు ఎగువసభ సెనేట్‌లో 98 మంది అవునన్నారు, ఒక్కరూ కాదనలేదు. సంతకం చేసింది రిపబ్లికన్ అధ్యక్షుడు జార్జ్ బుష్.

2013 జూన్ 25న సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఆ జాబితా ప్రాతిపదిక పాతబడిపోయిందని కొట్టేసింది. అదే రోజు, కొన్ని గంటల్లోనే, అప్పటిదాకా ఆగి ఉన్న గుర్తింపు కార్డు చట్టాన్ని అమల్లో పెడుతున్నామని టెక్సస్ ప్రకటించింది. ఆ చట్టం ప్రకారం తుపాకీ లైసెన్సు చూపిస్తే ఓటెయ్యొచ్చు, యూనివర్సిటీ విద్యార్థి కార్డు మాత్రం చెల్లదు. దాని ప్రభావం వివక్షతో కూడుకున్నదని అప్పీళ్ల కోర్టు తేల్చేసరికి 2016 వచ్చింది. ఈ మధ్యలో 2014 ఎన్నికలు ఆ చట్టం కిందే జరిగిపోయాయి. దొంగ ఓట్లు పడకూడదు, కార్డు అడగడంలో తప్పు లేదు. కానీ మన దేశంలో ఆ కార్డు ఎన్నికల సంఘమే తయారుచేసి ఇస్తుంది.

ఇక నియోజకవర్గాల గీతల సంగతి. మనకి డీలిమిటేషన్ కమిషన్ ఉన్నట్టు ఇక్కడ చాలా రాష్ట్రాల్లో లేదు. శాసనసభలో ఎవరికి బలముంటే వాళ్లే గీసుకుంటారు. 2021లో మా కౌంటీలోనే ఆసియా సంతతి వాళ్లు, అందులో తెలుగువాళ్లు, ఎక్కువగా ఉండే కాలనీలని రెండుగా చీల్చి, ఒక ముక్కని ఓక్లహామా సరిహద్దు వెంబడి సాగే గ్రామీణ నియోజకవర్గంలో కలిపారు. స్కూలు బస్సు గురించి, గ్రీన్‌కార్డు క్యూ గురించి అడగాల్సిన సభ్యుడికి మా ఓట్లతో పెద్దగా పని లేకుండా పోయింది. పార్టీ లాభం కోసం గీసిన గీతల్లో ఫెడరల్ కోర్టులు జోక్యం చేసుకోలేవని సుప్రీంకోర్టు 2019లోనే చెప్పేసింది. 2025 ఆగస్టులో టెక్సస్ జనగణన కోసం కూడా ఆగకుండా, రిపబ్లికన్లకి ఇంకో ఐదు సీట్లు వచ్చేలా మ్యాపు మార్చింది. దానికి జవాబుగా నవంబర్‌లో కాలిఫోర్నియా డెమొక్రాట్లకి లాభించేలా తన మ్యాపు మార్చుకుంది. నేను ఓటేసే పార్టీ చేసినా ఇది తప్పే. ఓటరు నాయకుణ్ణి ఎంచుకోవాలి గానీ, నాయకుడు ఓటర్లని ఏరుకోవడం ఏమిటి?

దీనికి మందు తెలియక కాదు. ముందస్తు అనుమతిని కొత్త ప్రాతిపదికతో తిరిగి తెచ్చే, ఆ జాన్ లూయిస్ పేరు పెట్టిన బిల్లు 2021 ఆగస్టులో ప్రతినిధుల సభలో 219-212తో గెలిచింది. పార్టీల కోసం గీతలు గియ్యడాన్ని నిషేధించి, ఎన్నికల రోజుని సెలవు చేసే బిల్లుని కూడా దానితో కలిపి 2022 జనవరిలో సెనేట్‌కి తెచ్చారు. 100 మందిలో 60 మంది ఒప్పుకుంటే గానీ చర్చ ముగించకూడదన్న నిబంధన దగ్గర అది ఆగిపోయింది. సెల్మా ప్రాంతానికి ప్రాతినిధ్యం వహించే టెర్రీ సూయెల్ 2025లో జాన్ లూయిస్ బిల్లుని మళ్లీ పెట్టారు.

ఇక్కడి పార్లమెంటైన కాంగ్రెస్ వల్ల కాదని కూడా అనలేం. ట్రంప్ మద్దతుదారులు కాంగ్రెస్ భవనం మీద పడ్డ 2021 జనవరి 6 గొడవ తర్వాత రెండు పార్టీలూ కలిసి, అధ్యక్ష ఎన్నిక ఓట్లని కాంగ్రెస్‌లో లెక్కించే 1887 నాటి చట్టాన్ని సవరించాయి. అంతకుముందు ఒక్కో సభ నుంచి ఒక్కరు లేచినా ఒక రాష్ట్రం ఫలితం మీద అభ్యంతరం చెప్పగలిగేవారు. ఇప్పుడు ప్రతి సభలోనూ ఐదో వంతు మంది కావాలి. ఫలితాన్ని మార్చే అధికారం ఆ లెక్కింపు నడిపే ఉపాధ్యక్షుడికి లేదని స్పష్టంగా రాసుకున్నారు. తలుచుకుంటే 2 ఏళ్లలో అయింది.

భాష సంగతికీ గడువుంది. షికాగో ఉండే కుక్ కౌంటీలో హిందీ, న్యూయార్క్ క్వీన్స్‌లో బెంగాలీ బ్యాలెట్లు ఓటింగ్ హక్కుల చట్టం పుణ్యమే. అలాంటి బ్యాలెట్లు ఇవ్వాలనే సెక్షన్ 2032 వరకే ఉంది. ఒక కౌంటీలో ఒక భాషా వర్గంలో ఇంగ్లిషు సరిగా రాని, ఓటు వయసున్న పౌరులు 10,000 మంది దాటడం లాంటి షరతులు కుదిరితే వాళ్ల భాషకి చోటు దొరుకుతుంది. ఆ లెక్క జనగణన శాఖ సర్వే నుంచి తీస్తారు. మనవాళ్లలో ఎంతోమంది ఆ సర్వే కాగితం వస్తే చెత్తబుట్టలో వేస్తారు. మా ఇంట్లో కూడా ఒకసారి అలాగే పడేశాం, ఇప్పుడు బాధపడుతున్నాను.

పౌరసత్వం ఉన్న తెలుగువాళ్లు తమ సెనేటర్ ఆఫీసుకి ఫోన్ చేసి ఈ బిల్లుల గురించి అడగాలి. రెండు నిమిషాల పని. మీ అమెరికా పేజీలో వీసా వార్తల పక్కనే ఈ బిల్లుల్లో ఏముందో తెలుగులో వివరంగా వెయ్యండి. మా అమ్మలాంటి వాళ్లు పేపరు మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదువుతారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
టెక్సస్