బూడిద సిమెంటు తప్పేమీ లేదు, నీళ్లు పట్టండి

సంపాదకులకు నమస్కారం.

‘పీపీసీ (బూడిద కలిపిన సిమెంటు) అంతా బూడిదే సార్, కమ్మీలు తుప్పు పడతాయి’ అన్న మాట తిరుపతిలో ఇళ్లు కట్టేవాళ్ల నోట తరచూ వింటున్నాను. అందులో సగమే నిజం.

కాంక్రీటులోని సున్నపు క్షారగుణమే కమ్మీకి రక్ష. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ లోపలికి చేరి ఆ సున్నాన్ని కాల్షియం కార్బొనేట్‌గా మారుస్తుంది. 12.5కు పైన ఉండే పీహెచ్ (క్షారగుణాన్ని తెలిపే కొలత) 9 లోపుకు పడిపోతే, తేమ తగిలిన కమ్మీ తుప్పు పడుతుంది. సిమెంటులో కలిపే థర్మల్ విద్యుత్ కేంద్రాల బొగ్గు బూడిద గట్టిపడేటప్పుడు ఈ సున్నాన్నే కొంత వాడుకుంటుంది, కాబట్టి రక్ష తగ్గే మాట వాస్తవం. అయితే అదే చర్య కాంక్రీటులోని సన్న రంధ్రాలను పూడుస్తుంది కూడా. చిక్కల్లా అది నిదానంగా జరగడమే. నీళ్లు ఆపేస్తే అదీ ఆగిపోతుంది. అప్పుడు రంధ్రాలు మూసుకోవు, వాటి గుండా గాలి చేరి మిగిలిన సున్నమూ పోతుంది.

కాంక్రీటు పనులకు భారత ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం మామూలు సిమెంటుకు 7 రోజులు, బూడిద కలిసినదానికి కనీసం 10 రోజులు క్యూరింగ్ చేయాలి, అంటే తడి ఆరకుండా నీళ్లు పట్టాలి. మన ఎండలకు 14 రోజులైతే మేలు. ట్యాంకర్ రేటు చూసి మూడో రోజుకే పైపు చుట్టేస్తే ఎట్లా? స్లాబు మీదైనా గట్లు కట్టి నీళ్లు నిలుపుతారు గానీ, పిల్లర్లకు గోనెపట్టా చుట్టేవాళ్లు ఎందరు? కమ్మీ చుట్టూ తగినంత కాంక్రీటు ఉండేలా ఎడం నిలిపే కవర్ బ్లాకుల సంగతి సరేసరి, రాళ్లముక్కలతో కానిచ్చేస్తారు.

కాంక్రీటును పగలగొట్టిన చోట వెంటనే ఫినాఫ్తలీన్ అనే రసాయన ద్రావణం చల్లితే క్షారం మిగిలిన భాగం గులాబీ రంగుకు మారుతుంది, పోయిన భాగం మారదు. నగరపాలక సంస్థ పాత ప్రభుత్వ భవనాలకు ఈ పరీక్ష చేయించి, ఫలితాలను ప్రజల ముందుంచాలి.

– ఒక సివిల్ ఇంజినీరు, తిరుపతి