మనవాళ్లకు ఇబ్బంది లేదన్నారు, మాకు వచ్చింది

సంపాదకులకు నమస్కారం.

టెక్సస్ కాలేజీ ఫీజుల తీర్పు మీద మీరు వేసిన వార్త చదివాను. పత్రాలు లేని పిల్లలకే దెబ్బ, వీసా మీద ఉన్న మనవాళ్లకు ఇబ్బంది లేదని రాశారు. చట్టం చెప్పేదీ అదే. కానీ ఫ్రిస్కోలో మా ఇంట్లో జరిగింది వేరు.

మా అమ్మాయి నాలుగేళ్లప్పుడు హెచ్4 మీద, అంటే నా ఉద్యోగ వీసా మీద ఆధారపడిన వీసాతో వచ్చింది. చదువంతా ఇక్కడి ప్రభుత్వ బడిలోనే. హైస్కూలు పూర్తయ్యేనాటికి మూడేళ్లు రాష్ట్రంలో ఉన్నవారికి స్థానిక ఫీజు, అంటే రాష్ట్రం వాళ్లకుండే తక్కువ ఫీజు ఇచ్చే చట్టం 2001 నుంచి ఉంది. 2025 జూన్ 4న అమెరికా ఫెడరల్ ప్రభుత్వం ఆ చట్టం మీద కేసు వేసింది, రాష్ట్రం ఎదురు చెప్పలేదు, చట్టబద్ధంగా లేనివారికి ఆ ఫీజు ఇవ్వకూడదని జడ్జి అదే రోజు ఆదేశించారు. ఇరవై నాలుగేళ్ల చట్టానికి ఒక్క రోజు పట్టింది. మా ఏసీ బాగుచేయడానికి మూడు రోజులు పట్టింది లెండి.

ఆగస్టులో స్టేటస్ కాగితాలు పంపమని కాలేజీ నుంచి మెయిల్. అమ్మాయి ఐ-94, అంటే ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే కాగితం, జులైలోనే అయిపోయింది. పొడిగింపుకి మేలోనే దరఖాస్తు పెట్టాం. నాది అదనపు ఫీజు కట్టే ప్రీమియంలో మూడు వారాల్లో వచ్చేసింది, తనది ఆగిపోయింది. చేతిలో రసీదు మాత్రమే. దరఖాస్తు పెండింగ్‌లో ఉన్నన్నాళ్లు ఇక్కడ ఉండొచ్చని లాయర్ చెప్పారు. కాలేజీ కౌంటర్‌లో ఆవిడకు మాత్రం అయిపోయిన తేదీ ఒక్కటే కనిపించింది. స్థానిక ఫీజు తీసేయడంతో సెమిస్టర్‌కి ఆరు వేల డాలర్ల బిల్లు పదిహేడు వేలు దాటింది. హెచ్4 పిల్లలకు ఫెడరల్ సాయం రాదు, లైబ్రరీలో పార్ట్‌టైం కూడా చేయకూడదు.

నాలుగుసార్లు తిరిగాను. లాయర్ ఉత్తరం పట్టుకెళ్లాక, గడువుకి రెండు రోజుల ముందు సరిచేశారు. ఆ టెన్షన్‌లో అమ్మాయి ఓరియెంటేషన్‌కే వెళ్లలేదు.

రెన్యువల్ పెండింగ్‌లో ఉన్నవాళ్లు రసీదు, పాత అప్రూవల్ నోటీసు రెండూ అడగకముందే రిజిస్ట్రార్‌కి ఇచ్చి, మెయిల్‌లో జవాబు తీసుకోవాలని దయచేసి వేయండి. నోటిమాట నమ్మి నేను రెండు వారాలు పోగొట్టుకున్నాను.

ఇంకొకటి. 2028లో అమ్మాయికి 21 నిండితే హెచ్4 ఉండదు, ఇక్కడే చదవాలంటే ఎఫ్-1 విద్యార్థి వీసాకి మారాలి. అప్పుడు ఫీజు లెక్క మళ్లీ మొదటికొస్తుందేమోనని నా భయం. నా గ్రీన్ కార్డు ప్రయారిటీ తేదీ (క్యూలో నా స్థానం చెప్పే తేదీ) 2015, ఈలోగా వంతు వస్తుందో లేదో తెలియదు. ఈ వయసు సంగతి మీ వార్తలో ఒక్క ముక్క కూడా లేదు.

ఇట్లు,
ఒక తండ్రి, ఫ్రిస్కో, టెక్సస్