వార్షిక నివేదిక 2024–25: హాస్టల్ పిల్లల ఖర్చులు, మన సంఘం సాయం

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది వేడుక, వనభోజనాలు, రక్తదాన శిబిరం ఎప్పటిలాగే బాగా జరిగాయి. వాటి జమాఖర్చులు కోశాధికారి సర్వసభ్య సమావేశంలో చదివి వినిపిస్తారు. ఈ నివేదికలో ఎక్కువ భాగం మన ఊళ్ల నుంచి హైదరాబాద్‌కు వచ్చి దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, ఎల్బీనగర్ హాస్టళ్లలో ఉండి చదువుకుంటున్న పిల్లల గురించే రాస్తున్నాను. ఈ ఏడాది సంఘానికి సాయం కోసం వచ్చిన ఫోన్లలో ఎక్కువ వాళ్లవే. "అన్నా, ఈ నెల మెస్ బిల్లుకు కొంచెం సర్దుతారా?" అని అడిగేటప్పుడు ఆ గొంతులో ఎంత మొహమాటం ఉంటుందో విన్నవాళ్లకు తెలుసు.

దేశంలో చిల్లర ధరల పెరుగుదల 2024–25లో సగటున 4.6 శాతం. మన ఇళ్లకు ఈ లెక్క ఇంచుమించు సరిపోవచ్చు గానీ, హాస్టల్‌లో ఉండే పిల్లవాడికి సరిపోదు. అప్పట్లో 2012 ఆధారంగా వేసిన ఆ ధరల సూచీలో ఇంటి ఖర్చు వంద రూపాయలు అనుకుంటే తిండికి దాదాపు 46, చదువుకు నాలుగున్నర మాత్రమే. మన పిల్లల డబ్బంతా హాస్టల్‌కు, మెస్‌కు, ఫీజుకే పోతుంది. మిగిలిందేమైనా ఉంటే జిరాక్స్‌లకు, రికార్డులకు, ఫోన్ రీచార్జ్‌కు సరి.

అక్టోబర్ 2024 సంగతే చూడండి. ఆ నెల ధరల పెరుగుదల 6.21 శాతానికి చేరింది. కూరగాయలైతే అంతకు ముందు ఏడాది అదే నెలతో పోలిస్తే 42 శాతం పెరిగాయి. ఇంట్లో ఉన్నవాళ్లం టమాటా మానేసి చింతపండు చారు పెట్టుకున్నాం, రెండు పూటలు పచ్చడితో గడిపాం. మెస్‌లో తినేవాడికి ఆ వీలు లేదు. బిల్లు అంతే కడతాడు, పళ్లెంలో మాత్రం కూర తగ్గుతుంది, పప్పు పలచబడుతుంది, వారానికి మూడుసార్లు వచ్చే గుడ్డు ఒకసారే వస్తుంది. ఇది ఏ ధరల లెక్కలోనూ సరిగా కనిపించని పెరుగుదల. ఆకలి ఆగక రాత్రి బయట కొనుక్కుంటే అది మళ్లీ అదనపు ఖర్చు. పైగా కూరగాయల ధరలు దిగివచ్చాక కూడా ఒకసారి పెంచిన హాస్టల్ ఫీజు తగ్గదు.

ఇంకో విషయం చాలామంది సభ్యులకు తట్టి ఉండదు. ఈ రెండేళ్లలో ఇళ్లకు కొంత ఊరట దొరికింది. 500 రూపాయలకు గ్యాస్, 200 యూనిట్ల వరకు ఉచిత కరెంటు, రేషన్ బియ్యం, వీటితో తెల్లకార్డు ఉన్న కుటుంబానికి నెల కొంత తేలికవుతుంది. అదే కుటుంబంలోని పిల్లవాడు నగరంలో హాస్టల్‌లో చేరితే అతనికి వాటిలో ఏదీ అందదు. మెస్‌లో వాడేది 19 కిలోల కమర్షియల్ సిలిండర్, దానికి రాయితీ ఉండదు. ఆ భారం బిల్లులోనే కలుస్తుంది.

పిల్లలకు కలిసొచ్చినవి కూడా చెప్పాలి. వరుసగా 90 రోజులు ఉంటే నెలకు 20,000 లోపు హాస్టల్ అద్దెపై జీఎస్టీ వద్దని జూన్ 2024లో జీఎస్టీ కౌన్సిల్ నిర్ణయించింది. బిల్లులో ఆ పన్ను కనిపిస్తే అడగమని పిల్లలందరికీ చెప్పాం. ప్రభుత్వ సంక్షేమ హాస్టళ్లలో కాలేజీ విద్యార్థుల మెస్ చార్జీ నవంబర్ 2024లో నెలకు 1,500 నుంచి 2,100కు పెరిగింది. అవసరమైన పెంపే. అయినా రోజుకు 70 రూపాయలే, అందులోనే అన్ని పూటలూ గడవాలి. ఆడపిల్లలకు బస్సు ఉచితం కావడం పెద్ద మేలు. మగపిల్లలకు పాస్ ఖర్చు తప్పదు. జూలై 2024లో జియోలో 239 రూపాయల 28 రోజుల రీచార్జ్ 299 అయింది. ఆన్‌లైన్ క్లాసులు, నోట్సు, పరీక్షల సమాచారం అన్నీ ఫోన్‌లోనే కాబట్టి దాన్ని మానుకోలేరు.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది వడ్డీ. ఇంజనీరింగ్‌లో పదివేల లోపు ర్యాంకు రాని బీసీ విద్యార్థికి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఏళ్లుగా గరిష్ఠంగా 35,000 దగ్గరే ఆగిపోయింది. కాలేజీ ఫీజు అంతకు మించితే ఆ తేడా ఇంటివాళ్లే కట్టాలి. ఆ 35,000 కూడా సమయానికి రాకపోతే, ముందు ఫీజు కడితేనే సర్టిఫికెట్లు ఇస్తామనే కాలేజీలు ఉన్నాయి. అప్పుడు ఊళ్లో తండ్రి నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెస్తాడు. అంటే ఏడాదికి 24 శాతం. 4.6 శాతం ఎక్కడ, 24 శాతం ఎక్కడ!

ఇవన్నీ చర్చించి కార్యవర్గం కొన్ని నిర్ణయాలు తీసుకుంది. ఇంతవరకు సంక్రాంతికి ఒకేసారి ఇస్తున్న విద్యార్థి సాయాన్ని ఇకపై రెండు విడతలుగా ఇస్తాం. మొదటి విడత హాస్టల్ అడ్వాన్స్ కట్టే రోజుల్లోనే అందుతుంది. మొత్తాన్ని రూపాయల్లో స్థిరంగా ఉంచకుండా, మన పిల్లలు ఉంటున్న హాస్టళ్ల మెస్ బిల్లులు ప్రతి మే నెలలో సేకరించి, వాటి సగటును బట్టి నిర్ణయిస్తాం. పరీక్ష ఫీజుకు, సర్టిఫికెట్లకు వడ్డీ లేని చేబదులు ఇచ్చేందుకు ప్రత్యేక నిధి పెడుతున్నాం. రీయింబర్స్‌మెంట్ వచ్చాక తిరిగి కడితే చాలు. అడిగిన పిల్లల పేర్లు ముగ్గురు సభ్యుల ఉపసంఘం దాటి బయటకు రావు, ఈ విషయంలో మినహాయింపు లేదు.

గది తీసుకుని అన్నం వండుకుని, కూర మాత్రం కర్రీ పాయింట్‌లో తెచ్చుకునే పిల్లలకు ఈ ఏడాది సభ్యులు ఇచ్చిన పాత రైస్ కుక్కర్లు, గిన్నెలు బాగా ఉపయోగపడ్డాయి. పై తరగతుల వాళ్లు ఇచ్చిన ఇంజనీరింగ్, డిగ్రీ పుస్తకాలు సంఘం గదిలో ఉన్నాయి, ఆదివారాలు వచ్చి తీసుకోవచ్చు. ఇంటిపైన ఖాళీ గది ఉన్న సభ్యులు మన పిల్లలకు తక్కువ అద్దెకు ఇవ్వగలిగితే కార్యదర్శికి చెప్పండి. చేబదులు నిధి నియమాల ముసాయిదాను ఈ నివేదికతో పాటు పంపుతున్నాం. మార్పులు ఏమైనా ఉంటే సర్వసభ్య సమావేశానికి వారం ముందు రాసి ఇవ్వాలి.

— కార్యదర్శి