పెత్తరమాసకు అన్న, చెల్లె పేరు మీద

అందరికీ నమస్కారం. పెత్తరమాస, అదే పోయినవాళ్ల పేరు మీద ఇచ్చుకునే అమావాస్య, దగ్గరికొచ్చింది. అన్న పేరు మీద, చెల్లె పేరు మీద ఎప్పటిలాగే అయ్యగారికి బియ్యం, పప్పు, కూరగాయలు ఇస్తాం, అది అమ్మ మాట, తప్పం. దాంతోపాటు ఇంకో రెండు పనులు అనుకున్నాను, మీరూ కలిసొస్తే సంతోషం.

అన్నకు యాక్సిడెంట్ అయిన రాత్రి నల్లగొండలో రక్తం కోసం ఎంత తిరిగామో మీలో కొందరికి తెలుసు. ముక్కూమొహం తెలియని ఇద్దరు పిల్లలు వచ్చి ఇచ్చిపోయారు, ఆ టెన్షన్‌లో వాళ్ల పేర్లు కూడా అడగలేదు, ఆ బాధ ఇప్పటికీ ఉంది. అందుకే పెత్తరమాస రోజు పొద్దున సర్కారు దవాఖాన బ్లడ్ బ్యాంకుకు వెళ్తున్నా. 18 నుంచి 65 ఏళ్ల మధ్య ఉండి, కనీసం 45 కిలోల బరువున్న ఆరోగ్యవంతులు ఇవ్వొచ్చు, మగవాళ్లు 3 నెలలకోసారి, ఆడవాళ్లు 4 నెలలకోసారి. ఖాళీ కడుపుతో రావద్దు, ఒక్కపొద్దు ఉండేవాళ్లు వేరే రోజు ఇవ్వండి.

రెండోది చెల్లె కోసం. నోట్‌బుక్ అయిపోతే పెన్సిల్ రాతలు రబ్బరుతో చెరిపి మళ్లీ అందులోనే రాసుకునేది, దాని లెక్కల నోట్‌బుక్ నా బీరువాలోనే ఉంది, చెరిపి చెరిపి పేజీలు పలచబడి అవతలి రాత కనిపిస్తుంటుంది. మర్రిగూడ దిక్కు మా ఊరి బడిలో పిల్లలకు తలా నాలుగు నోట్‌బుక్‌లు ఇద్దాం, దసరా సెలవులకు ముందే. డబ్బులు పంపొద్దు, నోట్‌బుక్‌లే కొని తెండి. పిల్లలతో ఫొటోలు మాత్రం వద్దు, దండం పెట్టి అడుగుతున్నా, చెల్లె ఒకరి దగ్గర తీసుకోవాలంటే తల వంచుకునేది.

వచ్చేవాళ్లు రేపు సాయంత్రం లోపు చెప్పండి. మీ ఇంట్లో పోయిన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల పేర్లూ పెట్టండి, వాళ్ల పేరు మీదా ఇద్దాం.