ఈ శనివారం మొక్కల మార్పిడి

అందరికీ నమస్తే అండి. శనివారం సాయంత్రం 5:30కి మన బ్లాక్ కింద ప్లేగ్రౌండ్ పక్కన కలుద్దాం. వాన పడితే వాయిడ్ డెక్‌లోకి (బ్లాక్ కింది అంతస్తులో ఖాళీగా వదిలిన చోటికి) జరుగుదాం, సింగపూర్ వాన సంగతి తెలిసిందేగా, చెప్పి రాదు.

ఎవరు ఏం తెస్తున్నారో శుక్రవారం రాత్రిలోపు ఇక్కడే రాయండి.

బచ్చలి, పుదీనా కొమ్మలు తడిగుడ్డలో చుట్టి తెస్తే చాలు, ఇట్టే వేరు పట్టుకుంటాయి. కరివేపాకు మాత్రం కొమ్మ తేవద్దు, దానికి వేళ్ళు రావడం కష్టం. చెట్టు మొదట్లో వచ్చే పిలకని వేరుతో సహా తీసి తీసుకురండి.

గోంగూర జానెడు ఎదగ్గానే మొగ్గ వేస్తోందని చాలామంది అడిగారు. తప్పు మీది కాదు. ఇక్కడ ఏడాది పొడవునా పగలు దాదాపు 12 గంటలే, పగలు తక్కువైతే గోంగూర పూతకి తొందరపడుతుంది. చివర్లు తుంచుతూ, కొన్ని వారాలకోసారి కొత్త గింజలు చల్లుకోండి. మా అమ్మ వీడియో కాల్‌లో నా కుండీ చూసి "ఇది గోంగూరా, బోన్సాయా?" అంది!

ఇంకో మాట. కుండీల కింద ప్లేట్లలో నీళ్ళు రోజూ పారబోయండి, పైన నీళ్ళు నిలవకుండా గట్టిపడిన మట్టిని గుల్ల చెయ్యండి. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం చాలు. తనిఖీలో లార్వా కనిపిస్తే జరిమానా తప్పదు. కారిడార్‌లో కుండీలు పెడితే నడవడానికి 1.2 మీటర్ల దారి వదలడం మర్చిపోకండి.

సెలవులకి ఇండియా వెళ్ళినవాళ్ళు పర్మిట్ లేకుండా మొక్కలు, మట్టి బ్యాగులో పెట్టుకురావద్దు ప్లీజ్. ఆవకాయ తెండి, చాలు.