ముందు తేల్చవలసింది సీట్ల సంఖ్య

సంపాదకులకు,

అయ్యా,

నగరంలో నిర్మించతలపెట్టిన క్రీడా స్టేడియం గురించి మీ పత్రికలో వస్తున్న లేఖలను శ్రద్ధగా చదువుతున్నాను. ఊరి నడుమనున్న పాత మైదానంలోనే కట్టాలని కొందరు, శివార్లలోని ఖాళీ భూమికి తరలించాలని మరికొందరు వాదిస్తున్నారు. స్టేడియం భారీగా ఉండాలన్న విషయంలో మాత్రం ఇరుపక్షాలకూ పేచీ ఉన్నట్టు లేదు. అసలు చిక్కంతా అక్కడే ఉందని నా అభిప్రాయం. సీట్లు పెరిగితే వాహనాలు నిలిపే చోటూ, జనం నిలబడే ఆవరణా పెరగాలి. అంత నేల ఊళ్లో దొరకదు కాబట్టి శివారే దిక్కవుతుంది. ఆ తర్వాత స్థలం గురించి ఎంత చర్చించినా అది ముందే అయిపోయిన నిర్ణయానికి ముద్ర వేయడమే.

ఏడాదిలో ఏ రెండు మూడు రోజులో నిండే సీట్ల కోసం శాశ్వతంగా కాంక్రీటు పోయనక్కరలేదు. 2012 ఒలింపిక్స్‌కు లండన్‌లో 80 వేల మంది పట్టే స్టేడియం కట్టినప్పుడు, అందులో 25 వేల సీట్లను మాత్రమే శాశ్వతమైనవిగా, మిగిలిన పై అంతస్తును విప్పి తీసేయగలిగేదిగా రూపొందించారు. 2000 క్రీడల కోసం లక్షకు పైగా సీట్లతో కట్టిన సిడ్నీ స్టేడియాన్ని కూడా తర్వాత దాదాపు 83 వేలకు కుదించారు.

అయితే లండన్ అనుభవంలో మనం అనుకరించకూడనిదీ ఒకటుంది. క్రీడలు ముగిశాక ఆ స్టేడియాన్ని ఫుట్‌బాల్‌కు ఇస్తూనే 400 మీటర్ల పరుగు ట్రాక్‌ను అలాగే ఉంచారు. దానితో ప్రేక్షకుడు ఆటకు దూరమయ్యాడు. ట్రాక్ మీదికి సీట్లను తేవడానికీ, మళ్లీ వెనక్కి జరపడానికీ ఏటా లక్షల పౌండ్లు ఖర్చవుతున్నాయి. మన ప్రతిపాదనలోనూ అన్ని ఆటలూ ఒకే ప్రాంగణంలో ఇముడుతాయని గొప్పగా చెబుతున్నారు. అథ్లెటిక్స్‌కు వేరే చిన్న మైదానం ఇస్తే ఖర్చు తగ్గడమే కాదు, మ్యాచ్ ఉన్న రోజు కూడా పిల్లలు అక్కడ పరుగు సాధన చేసుకోగలరు. ఇక ముడుచుకునే పైకప్పు కావాలనేవారు దాని సంగతి కెనడాలోని మాంట్రియల్ నగరాన్ని అడగాలి. 1976 ఒలింపిక్స్ స్టేడియానికి చేసిన అప్పు తీరేసరికి 2006 వచ్చింది. దాని పైకప్పు క్రీడలు ముగిసి పదేళ్లు దాటాకగానీ అమరలేదు, అమరాక పలుమార్లు చిరిగింది.

సీట్లు తగ్గితే పాత మైదానం మళ్లీ పరిశీలనకు వస్తుంది. వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో 1999లో తెరిచిన స్టేడియంలో 70 వేలమందికి పైగా కూర్చుంటారు; అది నగరం నడిబొడ్డున, ప్రధాన రైల్వే స్టేషన్‌కు నడిచి వెళ్లగలిగే దూరంలో ఉంది. శివార్లలో కడితే మ్యాచ్ ముగిసిన అర్ధరాత్రి, సొంత వాహనం లేనివారు, ముఖ్యంగా ఆడపిల్లలు, ఎలా ఇల్లు చేరతారో ప్రతిపాదకులు చెప్పడం లేదు.

ఊళ్లో కడితే ప్రమాదం లేదని నేననను. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం వద్ద తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. జనం నలిగిపోయింది గ్యాలరీల్లో కాదు, గేట్ల దగ్గర. కాబట్టి నమూనాను అంచనా వేసేవారు లోపలి సొగసుకన్నా గేటు వెలుపల నిలబడేందుకు ఎంత చోటుంది, టికెట్ లేనివారిని ఏ కూడలిలో ఆపగలరు అన్నవే ముందు చూడాలి. ఇరుగుపొరుగువారు శబ్దం గురించీ, రాత్రి వెలుగు గురించీ లేవనెత్తిన అభ్యంతరాలు కూడా న్యాయమైనవే. ఏడాదికి ఎన్ని రాత్రులు, ఎన్ని గంటలవరకు అన్నది అనుమతి పత్రంలోనే రాయాలి. పాత మైదానంలో క్రికెట్ పిచ్‌ను ఉత్తర దక్షిణాలుగా అమర్చడం కుదరదని సర్వేలో తేలితే మాత్రం నేనే నా వాదన విరమించుకుంటాను. సాయంత్రపు ఎండ బ్యాటర్ కళ్లలో కొట్టే మైదానం ఎంత దగ్గరున్నా ఆటకు పనికిరాదు.

టెండర్లు పిలిచేలోగా నగరపాలక సంస్థ రెండు వివరాలు ప్రకటించాలి. ఇటీవలి సంవత్సరాలలో నగరంలో జరిగిన పోటీలకు ఒక్కొక్కదానికి ఎందరు ప్రేక్షకులు వచ్చారు? కొత్త స్టేడియంలో పోటీలు లేని రోజుల్లో దాని తలుపులు ఎవరికి, ఏ రుసుముతో తెరుస్తారు? ఆ జవాబులు అందేవరకు సీట్ల సంఖ్యను ఖరారు చేయవద్దని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు