ఆ ఒక్క తొందరపాటు కోసం

ఒరేయ్ బావా,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకో, పడతాను. ఇక్కడ అంతా కులాసా, అమ్మ మోకాలు నయం, వార్తలు సమాప్తం. మీ బ్యాండు ‘లూయీ లూయీ’ అనే పాత అమెరికన్ రాక్ పాట పట్టుకుందటగా! పైగా ‘మూడు కార్డులేగా’ అని రాశావు. కార్డంటే కొన్ని స్వరాలు ఒక్కసారిగా మోగడమేగానీ, అంత తేలికనుకోకు.

ఎ, డి, ఇ మైనర్, మళ్ళీ డి. దెబ్బలు వరసగా మూడు, రెండు, మూడు, రెండు. రెండు బార్లకి, అంటే ఎనిమిది లెక్కలకి, ఒక చుట్టు. చాలామంది జారేది మూడో కార్డు దగ్గరే. ఇ మేజర్ వాయిస్తే అది ‘వైల్డ్ థింగ్’ అనే వేరే పాట అయి కూర్చుంటుంది. తేడా ఒక్క స్వరమే. ఎ ని షడ్జమం అనుకో, హరికాంభోజి కాస్తా శంకరాభరణమైపోతుంది. కైశికి నిషాదం పోతే పాటలో కొంటెతనం పోయినట్టే. మీ గిటారబ్బాయి మేజర్ పట్టేస్తే, మూడో తీగ మీద ఉన్న చూపుడువేలు ఎత్తెయ్యమను, చాలు. ఈ పాటకి పేరు తెచ్చిన రికార్డులో ఆ మొదటి దరువు కూడా గిటార్‌ది కాదు, ఎలక్ట్రిక్ పియానోది. కాబట్టి కీబోర్డు మీదున్న నువ్వే మొదలెట్టాలి.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది. 1963 ఏప్రిల్‌లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో కింగ్స్‌మెన్ అనే బ్యాండు కుర్రాళ్ళు ఆ రికార్డు చేశారు. పాడినవాడు జాక్ ఈలీ. మైకు ఎక్కడో పైన వేలాడుతోంది, వీడి పళ్ళకి క్లిప్పులు. మెడ పైకెత్తి అరిచాడు, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు! గిటార్ సోలో అయ్యాక దరువు ఒక చుట్టు తిరగాలి, ఆ తర్వాత చరణం. వీడు ఆగలేక ముందే అందుకున్నాడు. రెండు మాటలయ్యాక నాలిక కరుచుకుని ఆగిపోయాడు. డ్రమ్మర్ లిన్ ఈస్టన్ గబగబా ఒక రోల్ వాయించి గొయ్యి పూడ్చాడు. రెండో నిమిషం నిండబోయే ముందు విను. ఆ తప్పుని అలాగే వదిలేశారు. తర్వాత వచ్చిన బ్యాండ్లు తప్పుతో సహా నేర్చుకున్నాయి!

మీరూ కావాలని ఆ తప్పు చేస్తే మాత్రం డ్రమ్మర్‌కి ఒక్కడికే చెప్పు. అందరికీ తెలిస్తే అందరూ కలిసి ఆగుతారు, డ్రిల్ మాస్టారు ఈల వేసినట్టుంటుంది.

మాటలు తెలియకపోవడంతో జనం తలో బూతూ ఊహించుకున్నారు. ఎఫ్‌బీఐ రికార్డుని రకరకాల వేగాల్లో తిప్పి విని, ఏమీ తేల్చలేక వదిలేసింది. తమాషా ఏంటంటే నిజమైన బూతు ఒకటుంది. 54వ సెకను దగ్గర, వెనక ఎక్కడో, డ్రమ్మర్ నోరుజారాడు. వాళ్ళకి అదొక్కటే వినపడలేదు.

అసలు పాట రాసిన రిచర్డ్ బెర్రీని తలుచుకుంటే మనసు బాగుండదు. 1957లో అతని రికార్డులో ఇది బీ సైడు, అంటే వెనక వైపు పాట. జమైకా నావికుడు బార్‌లో లూయీ అనేవాడితో తన ప్రియురాలి గురించి చెప్పుకునే నెమ్మది పాట, దరువు రెనె టుజే బ్యాండు వాయించిన ‘ఎల్ లోకో చా చా’ నుంచి తీసుకున్నది. పెళ్ళి ఖర్చులకని హక్కుల్ని 750 డాలర్లకి అమ్మేశాడు. ఎనభైల్లో ఒక ప్రకటనకి అతని సంతకం కావలసి వచ్చి లాయర్లు కదిలాకగానీ డబ్బు చేతికి రాలేదు.

ఈ పాటే వేరే వాళ్ళు పాడినవి వినాలంటే ముందు టూట్స్ అండ్ ద మేటల్స్‌ది విను. జమైకా నావికుడి పాట జమైకా వాళ్ళ నోట! వేగం తగ్గగానే బేస్ గిటార్‌కి ఊపిరాడుతుంది. ఓటిస్ రెడ్డింగ్ 1964లో పాడినదాంట్లో లూయీ ఏకంగా ఆడపిల్ల. చెవులు చిల్లులు పడే రాక్ బ్యాండు మోటర్‌హెడ్‌ది మాత్రం ఇంట్లో పెద్దవాళ్ళు లేనప్పుడే. ఇక పంక్ బ్యాండు బ్లాక్ ఫ్లాగ్ వాళ్ళయితే మాటలన్నీ మార్చేసి… అది మళ్ళీ రాస్తాలే, తపాలా డబ్బా తీసే వేళయింది. ఇ మైనర్ మర్చిపోకు, చూపుడువేలు ఎత్తెయ్యమను!

నీ
సోడాబుడ్డి